నీళ్లు తీసే రోజు

ఊరందరికీ డిసెంబరు ముప్పై ఒకటంటే కేకు డబ్బాలు, రంగు కాగితాలు, రేపట్నించి తెల్లారకముందే లేస్తామనే ఒట్లు. తాళాలత్తకి మాత్రం అది నీళ్లు తీసే రోజు. ఈతకొలను అడుగు కంటబడే రోజు. ఏడాది పొడుగునా ఎవరు ఏం పారేసుకున్నారో, ఎవరు నిజం చెప్పారో, ఎవరు కోతలు కోశారో ఆ ఒక్కనాడు బట్టబయలవుతుంది. అందుకే ఆ రోజు ఆవిడ టిఫిను కూడా నిలబడే తింటుంది. కూర్చుంటే ఒక కన్ను పక్కకి పోతుందేమోనని భయం.

కొలను కట్టిన కొత్తలో మొదటి మేనేజరు పెట్టిన పద్ధతి అది. ఆ రోజు కొత్త సంవత్సరం హడావిడిలో ఎలాగూ ఎవరూ నీళ్లలో దిగరు, పైగా పాత ఏడాది మురికిని కొత్త ఏడాదిలోకి మోసుకెళ్లడం దేనికని అన్నాట్ట ఆయన. తాళాలత్త అది కూడా నమ్మదు. "మురికీ లేదు మన్నూ లేదు. నీళ్ల మీటరు చూసుకునేది ఆ రోజు. అదీ అసలు సంగతి" అంటుంది.

ఆవిడ పని ఆడవాళ్ల వైపు కౌంటరు. ఒక్కో లాకరుకి రెండేసి తాళంచెవులు. ఒకటి రబ్బరు పట్టీకి కట్టి ఈతకొచ్చినవాళ్ల చేతికిస్తుంది, రెండోది ఆవిడ వెనక చెక్కబోర్డు మీద మేకుకి వేలాడుతుంది. అందుకే ఆ పేరు. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూస్తుంది, ఎవర్నబ్బా అని.

అనుమానం ఆవిడకి పుట్టుకతో వచ్చిందో, ఉద్యోగంతో వచ్చిందో చెప్పలేం. తుడుచుకోమని ఇచ్చిన తువ్వాలు తిరిగొస్తే విప్పి, దులిపి, రెండువైపులా చూసిగానీ లోపల పెట్టదు. ఇంట్లో పాలు పొంగితే పాలవాడు ఏం కలిపాడోనంటుంది, పొంగకపోతే ఏం తీశాడోనంటుంది. వాళ్లాయన బతికున్నప్పుడు అందరి ముందూ అనేవాడు, "మా ఆవిడ అద్దంలో చూసుకుని 'ఎవరే నువ్వు, నా చీర కట్టుకున్నావ్' అనే రకం" అని. ఆవిడ నవ్వేది కాదు. తాళాలు కాసేవాళ్లు అందర్నీ నమ్మితే ఇంక తాళాలెందుకు అనేది.

వాళ్లాయన ఆ కొలనులోనే పంపు నడిపేవాడు. నిక్షేపంలాంటి మనిషి, ఒక వానాకాలంలో జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. ఆ ఏడాది ఆఖరి రోజున నీళ్లు తీస్తుంటే, ఆవిడ ఏడుస్తుందేమోనని అందరూ బిక్కుబిక్కుమంటూ చూశారు. ఆవిడ చీపురు పట్టుకుని, చెప్పులు విడిచి, అందరికంటే ముందు దిగింది. అడుగునున్న జాలీ దగ్గర కూర్చుని రెండు చేతులతో తడిమింది. ఆయన పెన్ను ఒకటి ఆ వేసవిలో నీళ్లలో పడిపోయిందట. దొరకలేదు. లేచి, పని చూసుకుంది. అప్పట్నించీ ఖాళీ కొలనులో మొదటి అడుగు ఆవిడదే. కంటికి ఆననిది కాలికి తగులుతుందంటుంది.

అలాంటి ఆఖరి రోజులు ఎన్ని చూసిందో. ఒక ఏడు కట్టుడు పళ్ల సెట్టు బయటపడింది. నాదని ఒక్కళ్లూ అనరు. రోజూ వచ్చే పెద్దాయనొకాయన చాన్నాళ్లుగా మూతి ముడుచుకునే నవ్వుతున్నాడని ఆవిడ కనిపెట్టి, కాగితంలో చుట్టి ఆయన లాకర్లో పెట్టించింది. మర్నాటి నించీ ఆయన పళ్లన్నీ పెట్టి నవ్వాడు. థాంక్సు మాత్రం ఒక్క ముక్క లేదు. థాంక్సు చెబితే అవి తనవని ఒప్పుకున్నట్టవుతుందిగా! ఇంకో ఏడు ఒక గొలుసు దొరికితే తోడికోడళ్లిద్దరూ నాదంటే నాదని పట్టుకున్నారు. తాళాలత్త దాన్ని గుప్పిట్లో దాచి, "కొక్కెం ఎటు విరిగింది?" అని అడిగింది. ఇద్దరూ రెండు రకాలుగా చెప్పారు. చెయ్యి తెరిస్తే కొక్కెం విరగనే లేదు. అసలు మనిషి వారం తర్వాత వచ్చింది.

ఇన్నేళ్లూ అనుమానం ఆవిడ చేతిలో టార్చిలైటు. ఎటు కావాలంటే అటు తిప్పేది. ఈ ఏడాది మాత్రం అది తన ముఖం మీదే పడింది.

మందులషాపు యజమాని భార్య వారానికి రెండుసార్లు ఈతకొస్తుంది. అందరూ మందులషాపావిడ అంటారు. డిసెంబరు మొదట్లో ఒక పొద్దున ఆవిడ తడి జుట్టుతో, సగం వేసుకున్న స్వెట్టరుతో కౌంటరు ముందుకొచ్చి లబలబలాడింది. పచ్చరాయి ఉంగరం, అత్తగారు చేతులారా పెట్టినది, కనిపించడం లేదు.

"లాకర్లోనే పెట్టానండీ! సాక్సులో చుట్టి పెట్టాను. వచ్చి చూస్తే సాక్సుంది, ఉంగరం లేదు."

"మరి సాక్సెందుకు వదిలేశాడమ్మా దొంగ? చలికాలం, పనికొచ్చేదేగా" అంది తాళాలత్త.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మందులషాపావిడ ముఖం కందగడ్డయింది. మేనేజరు బయటికొచ్చాడు. కొత్తగా వచ్చినవాడు, మర్యాదస్తుడు, మాట మెత్తన.

"నేను మిమ్మల్నేమీ అనడం లేదత్తా. తాళంచెవులు రెండే కదా. ఒకటి ఆవిడ చేతికుంది. రెండోది మీ వెనకుంది. ఇంట్లో మీకేవో ఇబ్బందులున్నాయని కూడా విన్నాను. నేనేమీ అనడం లేదు."

"అనకుండానే బాగా అన్నారు బాబూ" అంది తాళాలత్త.

ఇబ్బందులు నిజమే. కూతురికి ఆ మధ్య ఆపరేషన్ అయింది. దానికీ దీనికీ ముడిపెట్టడానికి ఊళ్లో ఎవరికీ పెద్ద తెలివి అక్కర్లేదు.

చివరికి మందులషాపావిడే కొంచెం తగ్గి, "ఏమో, వేలికే ఉందేమో, నీళ్లలో జారిందేమో" అంది. మేనేజరు ఆ కొస పట్టుకున్నాడు. "ఎలాగూ ముప్పై ఒకటిన నీళ్లు తీస్తాం. అడుగున దొరికిందా, గొడవ లేదు. దొరకలేదా... కొత్త సంవత్సరం నించి కౌంటర్లో వేరే మనిషిని చూసుకుంటాం అత్తా. నాకూ పైవాళ్లున్నారు."

ఆ రోజు నించీ ఆవిడకి నరకం. ఎన్నేళ్లుగానో వస్తున్న ఆడవాళ్లు నవ్వుతూ పలకరిస్తూనే సంచీ చంకలోకి లాక్కునేవాళ్లు. ఒకామె పర్సుని ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి నీళ్ల గట్టు మీద కళ్లెదురుగా పెట్టుకుని ఈదింది. మాటిమాటికీ మెడ తిప్పి చూసుకోవడంలో ముక్కులోకి నీళ్లెక్కి దగ్గింది. తాళాలత్త లోలోపల సంతోషించింది, అబద్ధమెందుకు.

తను తీయలేదు. మరి ఎవరు తీసినట్టు? రాత్రీ పగలూ అదే.

అనుమానం మొదట ఈలమాస్టారి మీదికి పోయింది. పిల్లలకి ఈత నేర్పే మనిషి, మెళ్లో ఎప్పుడూ ఈల. ఉన్నట్టుండి తెల్లటి కొత్త బూట్లతో వచ్చాడు.

"బాగున్నాయే! ఎక్కడ కొన్నారు?"

"కొనలేదత్తా, మా బావమరిది పంపాడు."

"మంచి బావమరిదే" అని, ఆయన నడుస్తుంటే వెనకనించి చూసింది. మడమ దగ్గర వేలు పట్టేంత వదులు, టపటపమంటున్నాయి. డబ్బు పెట్టి కొన్నవాడు సరిపోయేవే కొంటాడు. ఎవరో ఇచ్చినవే. పాపం, ఈలమాస్టారిని వదిలేసింది.

తర్వాత అనుమానం సొంతింటికే వచ్చి కూర్చుంది. అన్న పోయాక పంపు పని చేస్తున్నది ఆవిడ మరిది. పెళ్లీ పెటాకులూ లేవు. పంపు గది వెనకే మకాం, భోజనం మాత్రం వదిన దగ్గర. ఏళ్ల తరబడి ఆ పంపు రొదలో ఉండి సగం చెవుడొచ్చింది, మిగతా సగం చెవుడు తనే నటిస్తాడని ఆవిడ లెక్క. అలాంటి మనిషి ఒకరోజు అన్నం తింటూ తింటూ అడిగాడు.

"వదినా, ఆ ఉంగరం రాయి ఏ రంగు?"

ఆవిడ చేతిలో ముద్ద ఆగిపోయింది. "నీకెందుకు?"

"ఊరికే. పచ్చేనా?"

"పచ్చే. ఏం?"

"ఊరికే అంటున్నాగా."

ఆ మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి ఎటో పోయాడు. ఎటు పోయావంటే "పనుంది" అన్నాడు. తిరిగొచ్చినప్పట్నించీ వదిన కళ్లలోకి చూడ్డం మానేశాడు. పప్పు కావాలంటే గిన్నెతో మాట్లాడేవాడు. ఇంకేముంది? ఆవిడకి ఖాయమైపోయింది. బోర్డు మీది తాళంచెవి అందుకోగలిగేది తను కాక ఒక్కడే. తను టీకి వెళ్లినప్పుడు కౌంటర్లో కూర్చునేది వాడేగా! ఎన్నేళ్లు వండిపెట్టింది! కానీ అడగలేదు. అడిగితే అప్రమత్తమవుతాడు. నీళ్లు తీసే రోజున దాన్ని గుట్టుగా తిరిగి పడేయబోతాడు, అప్పుడు పట్టుకుంటే ఇంక బుకాయించడానికుండదు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే పంపు మొదలెట్టారు. నీళ్లు దిగుతుంటే గోడల పలకలు ఒక్కో వరసా బయటపడుతున్నాయి. మేనేజరు కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఈలమాస్టారు బ్రష్షులు, బకెట్లు తెచ్చాడు. మందులషాపావిడ శాలువా కప్పుకుని వచ్చి గట్టు మీద, నీళ్లకి బాగా దగ్గరగా, బల్ల వేయించుకుని కూర్చుంది.

తాళాలత్త పంపు గది గుమ్మంలో పాతుకుపోయింది. గదిలో పంపు ముందు ఒక జాలీబుట్ట ఉంటుంది. నేలమీది జాలీలోంచి దూరిపోయే చిన్నాచితకా అంతా అందులో చిక్కుతుంది. అందరి ఎదటికీ తెచ్చి దుప్పటి మీద బోర్లించేదాకా దాని మూత తీయకూడదు.

"నువ్వలా గట్టు మీద నించో వదినా. ఇక్కడ చమురు, జారతావు" అని అరిచాడు మరిది.

"ఇన్నేళ్లు జారనిదాన్ని ఇవాళ జారతానా? నీకేం అడ్డమొచ్చాను?"

"ఏంటీ?"

"నీకేం అడ్డమొచ్చానంటున్నా!"

"అడ్డమేం లేదు" అన్నాడు గానీ, చెయ్యి ప్యాంటు జేబు మీంచి తీయడు. ఆవిడ గుమ్మం వదలదు. నీళ్లు మోకాలి లోతుకొచ్చాయి, తర్వాత చీలమండకి, తర్వాత చారలయ్యాయి. అప్పుడు మేనేజరు కేకేశాడు, "అత్తా, మొదట దిగేది మీరేగా, రండి" అని. వెళ్లక తప్పలేదు. చీపురుతో మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి చూసింది. మరిది జేబులో చెయ్యి పెట్టి, బుట్ట వైపు వంగాడు.

కాళ్లు నేలని తడుముతున్నాయి, కళ్లు మాత్రం గుమ్మం మీదే. జుట్టు క్లిప్పులు తగిలాయి, ఒక చెంచా తగిలింది, కళ్లద్దాల కాడ తగిలింది. ఉంగరం లేదు. లోతువైపు చివరిదాకా వెళ్లింది, మళ్లీ వచ్చింది. లేదు.

"లేదన్నమాట" అన్నాడు మేనేజరు మెత్తగా. అంత మెత్తదనం భరించడం కష్టం.

"బుట్టుందిగా బాబూ" అంది.

మరిది బుట్ట తెచ్చి గట్టు మీద పరిచిన పాత తెల్లదుప్పటి మీద బోర్లించాడు. బురదా, నల్లటి జుట్టు చుట్టలు, ఆకులు. వాటి నడుమ పచ్చరాయి ఉంగరం!

"దొరికింది!" అని ఈలమాస్టారు ఈల వేసేశాడు. మేనేజరు ముఖం విచ్చుకుంది. తాళాలత్త మాత్రం దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ బుట్టలోంచి ఏ వస్తువొచ్చినా పాచి పట్టి, జుట్టు చుట్టుకుని వస్తుంది. ఇది పెళ్లికూతురులా మిలమిల్లాడుతోంది. ఒక్క వెంట్రుక లేదు. ఇప్పుడే వేశాడు. తీసినవాడే తిరిగి వేశాడు. తన ఉద్యోగం పోతుందని జాలేసిందేమో, పట్టుబడతానని భయమేసిందేమో.

నోరు మూసుకో, ఉద్యోగం దక్కిందని బుద్ధి చెప్పింది. మూసుకునేదే. కానీ మందులషాపావిడ గబుక్కున వంగి, కుడిచేత్తో ఉంగరం తీసుకుని, "ఇదే, ఇదే! దొరికిందిగా, ఇంక వదిలేయండి" అని లేచి నిలబడింది.

అంత తొందరేమిటి? అత్తగారి ఉంగరమని గుండెలు బాదుకున్న మనిషి దాన్ని వేలికి పెట్టుకోలేదు, తిప్పి చూడలేదు. ఇందాక శాలువా జారితే మోచేత్తో లాక్కుంది గానీ ఎడం చెయ్యి విప్పలేదు. టీ తాగినప్పుడూ అంతే. వచ్చినప్పట్నించీ ఆ గుప్పిలి బిగిసే ఉంది. ఇన్నేళ్ల అలవాటు, బుద్ధి మాట ఎక్కడ వింటుంది?

"వేలికి పెట్టుకోండమ్మా, కళ్లారా చూస్తాం."

"ఇంటికెళ్లి కడుక్కుని పెట్టుకుంటాను."

"కడగడానికేముంది, తళతళలాడుతుంటేనూ!"

"అత్తా, దొరికిందిగా" అన్నాడు మేనేజరు.

"దొరికింది బాబూ. అదే నా అనుమానం. అమ్మా, ఆ ఎడం చెయ్యి ఒక్కసారి తెరవండి."

"చలికి ముడుచుకున్నానండీ."

"కుడిచేతికి లేదా చలి?"

మందులషాపావిడ మెల్లగా గుప్పిలి విప్పింది. అరచేతిలో ఇంకో పచ్చరాయి ఉంగరం. అరిగి సన్నబడినది, రాయి చిక్కటి పచ్చ. దాని పక్కన ఇందాకటిది సీసా పెంకులా ఉంది.

"రబ్బరు గ్లౌజులో దొరికింది" అంది ఆవిడ నేలకేసి చూస్తూ. "అంట్లు తోమేటప్పుడు వేసుకుంటాను, దాని వేలులో ఇరుక్కుపోయింది. ఇక్కడ గోల చేసి వెళ్లిన మూడోనాడే దొరికింది. అంత రభస చేశాక ఏ ముఖం పెట్టుకుని వచ్చి చెప్పను? ఇవాళ ఎవరూ చూడకుండా నీళ్లలోకి జారవిడుద్దామని తెచ్చాను. మీరంతా ఇక్కడే ఉండేసరికి వీలు కాలేదు. ఈలోగా అది దొరికితే, పోనీ అదే నాదంటే గొడవ తీరిపోతుందనుకున్నాను."

"మీ గొడవ తీరుతుంది" అంది తాళాలత్త. "నేను సాక్సులోంచి కొట్టేసి, భయపడి నీళ్లలో పడేశాననేవాళ్లు రేపు. ఆ గొడవో?"

మందులషాపావిడ ఏడ్చేసింది. మేనేజరు బుట్టలో దొరికిన ఉంగరం చేతిలోకి తీసుకున్నాడు. "మరి ఇదెవరిది?"

"నాదే" అన్నాడు మరిది. ఈసారి చెవుడు నటించలేదు. "కొన్నాను. బుట్టలో వేశాను."

"ఎందుకయ్యా?"

మరిది వదిన వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. అది చాలు, అక్కడున్న అందరికీ అర్థమైంది. అప్పుడే నిర్దోషిగా తేలిన తాళాలత్త ముఖం మళ్లీ భగ్గున మండింది.

మేనేజరు చాలాసేపు సర్దిచెప్పాడు. కౌంటరు మీదే అత్తా, ఎక్కడికీ పోదు, పొరపాటైంది అన్నాడు. "నాదేనని నాకు తెలుసు. సంచులు చంకలో పెట్టుకుంటున్నవాళ్లకి తెలియాలి" అంది ఆవిడ. రేపు పొద్దున తలుపులు తీసేసరికి మందులషాపావిడ వచ్చి కౌంటరు పక్కన నిలబడి, వచ్చిన ప్రతి మనిషికీ ఉంగరం ఎక్కడ దొరికిందో తన నోటితో చెప్పాలని పట్టుబట్టింది. మందులషాపావిడ కళ్లు తుడుచుకుని సరేనంది. ఆవిడ వెళ్లిపోయింది. మేనేజరు లోపలికెళ్లాడు. ఈలమాస్టారు కొత్త బూట్లు తడుస్తాయని కేకు తెచ్చే వంకతో జారుకున్నాడు.

ఖాళీ కొలనులో వదినా మరిదీ మిగిలారు. మధ్యాహ్నపు ఎండ లోపలిదాకా పడింది. చెరో గోడా రుద్దుతున్నారు.

"నేను తీశాననే అనుకున్నావా?" అంది ఆవిడ.

"తీసుంటావనుకున్నాను."

"ఇన్నేళ్లు నా చేతి కూడు తిని?"

"తిన్నాను కాబట్టే. అమ్మాయి ఆపరేషనప్పుడు ఒక్కళ్ల దగ్గర చెయ్యి చాపలేదు నువ్వు. మా వదిన తీసిందంటే ఎంత కష్టమొస్తే తీసుంటుందో అనుకున్నాను. అడిగితే సిగ్గుపడతావు. అడక్కుండానే సర్దేద్దామని, సంతలో అలాంటిదొకటి వెతికి తెచ్చాను."

తాళాలత్త బ్రష్షు ఆగింది. మళ్లీ కదిలింది.

"మరి నువ్వో? పొద్దుట్నించీ గుమ్మంలోంచి కదల్లేదు" అన్నాడు వాడు.

లేదని బుకాయిద్దామనుకుంది. అనలేదు. "నువ్వే దొంగవనుకున్నాను" అంది.

"ఎందుకు తీశాననుకున్నావు?"

వాడు దెప్పడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని, బకెట్టు పట్టుకుని నిలబడి అడిగాడు. వాడికి ఏం అవసరముందో, ఏం కష్టమొచ్చిందో ఆ నెలంతా ఒక్కసారి కూడా ఆవిడకి తోచలేదు. తాళంచెవి ఎవరికి అందుతుంది, జేబులో చెయ్యి ఎందుకు పెట్టాడు, ఎటు పోయాడు, ఇవే.

"ఎందుకో అనుకోలేదయ్యా" అంది చివరికి. "తీశావనుకున్నాను, అంతే."

వాడు తల ఊపాడు. కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది ఆవిడకి. "ఆ మూల పాచి ఉంది, గట్టిగా రుద్దు" అని చెప్పి, నీళ్లు వదలడానికి మెట్లెక్కి పంపు గదికి వెళ్లాడు.

వాడు వాల్వు తిప్పేటప్పుడు ఎప్పుడూ ఆవిడ వెనకే వెళ్లి నిలబడుతుంది, సగం తిప్పి బద్ధకంతో వదిలేస్తాడని. ఈసారి వెళ్లలేదు. గొట్టంలో గాలి గురగురమంది, నీళ్లొచ్చాయి. ధార సన్నగా ఉంది, సగమే తిప్పినట్టుంది. ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, గోడ వైపు తిరిగి, ఆ మూల పాచి రుద్దుతూ ఉండిపోయింది.